మూడు కుంచాల తోట

రాజమహేంద్రవరం నుంచి దక్షిణంగా బయలుదేరితే కొద్ది దూరంలోనే ధవళేశ్వరం వస్తుంది. గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలిపోయే ఆ చోట 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నది వెడల్పంతా పరచుకున్న ఆ కట్టడం నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీరు అందింది. అంతకుముందు ఒక ఏడు వరదలతో, మరొక ఏడు కరువుతో అల్లాడిన నేల అన్నపూర్ణ అయింది. కాటన్ దొరను ఈ ప్రాంత ప్రజలు నేటికీ కృతజ్ఞతతో స్మరించుకుంటారు. నీరు అల్లాహ్ ప్రసాదం. ఆ నీటిని పదిమందికి చేర్చిన మనిషిని గుర్తుంచుకోవడం మానవ ధర్మం.

ధవళేశ్వరం దాటి కాలువ గట్ల వెంట సాగితే కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం వంటి గ్రామాలు వస్తాయి. దారికి ఇరువైపులా ఎక్కడ చూసినా మొక్కలే. మల్లె, సన్నజాజి, గులాబి, మందారం ఒకవైపు; మామిడి, సపోటా, జామ, నిమ్మ అంట్లు మరొకవైపు; నీడనిచ్చే చెట్లు, అలంకారపు మొక్కలు ఇంకొకవైపు. తెల్లవారుజామున కడియపులంక పూల మార్కెట్ మేల్కొంటుంది. సాయంత్రానికి మొక్కలు నిండిన లారీలు దూరపు రాష్ట్రాలకు కదులుతాయి. ఢిల్లీ నగరంలోని ఒక ఇంటి ముంగిట విరిసిన పువ్వు కూడా ఈ ఒండ్రు మట్టిలోనే కళ్ళు తెరిచి ఉండవచ్చు.

ఈ గ్రామాలలో ఒకదానిలో మా నాన్నగారు జీవించారు. ఆయన పెద్ద రైతు కాదు. పరాయి నర్సరీలో అంట్లు కట్టే పనివారు. ఆయన సొంత ఆస్తి ఇంటిని ఆనుకుని ఉన్న ముప్పై సెంట్ల నేల. మా వైపు పది సెంట్లను ఒక కుంచం అంటారు. ఆ లెక్కన అది మూడు కుంచాల తోట. పగలంతా ఇతరుల మొక్కలకు సేవ చేసి, అసర్ నమాజు ముగించుకుని ఆయన తన తోటలో అడుగుపెట్టేవారు. మగ్రిబ్ అజాన్ వినిపించే వరకు బొరిగె చేతి నుంచి దిగేది కాదు.

ఆ రోజుల్లో మామిడి అంటు కట్టడం ఎంతో ఓపికతో కూడిన పని. టెంక నాటి మొలిపించిన మొక్కను చిన్న కుండీలో పెంచేవారు. తల్లి చెట్టు కొమ్మలకు అందేలా పందిరి వేసి, దాని మీద ఆ కుండీలను నిలిపేవారు. టెంక మొక్క కాండం మీద ఒకవైపు, తల్లి చెట్టు రెమ్మ మీద ఒకవైపు పలుచగా చెక్కు తీసి, రెండు గాయాలనూ ఒకదానికొకటి ఆనించి అరటి నారతో బిగించేవారు. రెండు మూడు నెలలకు గాని ఆ రెండూ ఒకటి కావు. అప్పుడు టెంక మొక్క తలను, తల్లి చెట్టు వైపున్న రెమ్మ మొదలును కొంచెం కొంచెంగా కోస్తూ వేరు చేసేవారు. తొందరపడి ఒక్కసారిగా కోస్తే అంటు ఎండిపోతుంది. నాన్నగారు "బిస్మిల్లాహ్" అనకుండా ఒక్క కోత కూడా కోసేవారు కాదు. మేము పక్కన కూర్చుని నార తడిపి అందించేవాళ్ళం. "అబ్బా, ఇది అతుకుతుందా?" అని అడిగితే, "కట్టడం వరకే మన పని, అతికించేవాడు అల్లాహ్" అనేవారు. విత్తనాన్ని మొలకెత్తించేది మీరా, మేమా అని అల్లాహ్ మానవుణ్ణి ప్రశ్నించే వాక్యాలను సూరా అల్ వాఖిఆలో మేము తర్వాతి కాలంలో చదువుకున్నాం. వాటి భావం మాత్రం ఆ పందిరి కిందనే మాకు తెలిసింది.

మూడు కుంచాలలో ఎన్ని రకాలో! పండూరి మామిడి, కొత్తపల్లి కొబ్బరి, సువర్ణరేఖ, చెరకు రసం ఉండేవి. నవాబుల సంస్థానంగా పేరొందిన బనగానపల్లె పేరు మీద వెలసిన బంగినపల్లి ఉండేది. వీటన్నిటికంటే ఆయనకు ప్రియమైనది ఇమాంపసందు. పలుచని తొక్క, నార లేని కండ, నోట్లో వేసుకుంటే కరిగిపోయే తీపి దాని గుణాలు. కాయ తక్కువ, గారాబం ఎక్కువ. దారి పక్కన ఒక వరుస జామ, బావి దగ్గర అరటి, దొడ్డి గోడ వెంట మల్లె, గోరింట ఉండేవి. ఉగాది వస్తే మామిడాకులకు, వేపపువ్వుకు హిందూ సోదరుల ఇళ్ళ నుంచి ఆడవారు మా తోటకే వచ్చేవారు. రమజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు అదే తోట నుంచి జామపండ్లు, అరటిపండ్లు మసీదుకు చేరేవి. పొరుగువారి హక్కు గురించి మా నాన్నగారు ఎన్నడూ ఉపన్యసించలేదు. తోట తడిక ద్వారానికి తాళం వేయకపోవడమే ఆయన ఉపన్యాసం.

వేసవిలో కాలువలు కట్టేసేవారు. నీరు నిలిచిపోయిన కాలువల్లో పూడిక తీసే ఆ రోజులు మొక్కలకు పరీక్షా కాలం. నాన్నగారు బావి నుంచి నీరు తోడి, కావిడితో మోసి, ఒక్కొక్క పాదులో పోసేవారు. వుజూ చేసే రాతిపలకను అరటి పాదుకు ఎగువన అమర్చారు. ముఖం, చేతులు కడిగిన నీరు నేరుగా అరటి వేళ్ళకు చేరేది. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయకూడదన్న దైవప్రవక్త (స) హితవు మనమందరం విన్నదే. గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఆ హితవు మరీ అవసరం. కళ్ళెదుట అంత నీరు కనిపిస్తుంటే పొదుపు అన్న మాట మనసుకు ఎక్కదు.

మా నాన్నగారికి చదువు అంతంతమాత్రమే. ఖుర్ఆన్ పారాయణం చేయగలరు, తెలుగు కూడబలుక్కుని చదవగలరు. కాని చిన్నప్పుడు మసీదులో విన్న ఒక హదీసు వృత్తాంతం ఆయన జీవితానికి దారి చూపింది. ఒక వ్యక్తి నిర్జన ప్రదేశంలో నడుస్తుండగా, ఫలానా వాని తోటను తడుపు అన్న స్వరం మేఘం నుంచి వినిపించింది. ఆ మేఘం కురిసిన నీటి వెంట అతడు నడిచి వెళ్ళాడు. ఒక రైతు ఆ నీటిని పారతో తన తోటలోకి మళ్ళించుకుంటున్నాడు. నీవు చేసే మంచి పని ఏమిటని అడగగా, తోట దిగుబడిలో మూడవ వంతు దానం చేస్తానని, మూడవ వంతు కుటుంబంతో కలిసి తింటానని, మూడవ వంతు తిరిగి తోటకే ఖర్చు చేస్తానని ఆ రైతు చెప్పాడు. సహీహ్ ముస్లింలో నమోదైన ఈ వృత్తాంతాన్ని మా నాన్నగారు ఆచరణలో పెట్టారు. పండ్లు కోసిన రోజున వాకిట్లో మూడు తట్టలు ఉండేవి: ఒకటి ఇంటికి, ఒకటి అమ్మకానికి, ఒకటి లేనివారికి. అమ్మగా వచ్చిన డబ్బు ఎరువుకు, గత్తానికి, కొత్త మొక్కలకు వెళ్ళేది. చిటారు కొమ్మల పండ్లు కోయనిచ్చేవారు కాదు. అవి పిట్టల వాటా. చిలక కొట్టిన జామపండు దొరికితే, "మన కంటే ముందు మరొకరికి రిజ్క్ అందింది" అని సంతోషించేవారు. విశ్వాసి నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి దానంగా రాయబడుతుందన్న ప్రవక్త (స) బోధ ఆయనకు నిత్య వ్యవహారం.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాల ప్రజలు పశువులతో, పిల్లలతో ఏటిగట్ల మీదకు చేరారు. మా తోట మునగలేదు. ఆ ఏడు మూడు తట్టలు ఒకే తట్ట అయ్యాయి. పండిన గెల ప్రతిదీ గట్టు మీదకే వెళ్ళింది.

అసలైన పరీక్ష పదేళ్ళ తర్వాత వచ్చింది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణాన తీరం దాటింది. కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి మేము తమిళనాడులోని ఒక అరబీ కళాశాలలో చదువు ముగించుకుని ఇంటికి వచ్చి ఉన్నాం. తెల్లవారి చూస్తే మా మూడు కుంచాలలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాన్నగారి ఇమాంపసందు వేళ్ళతో సహా పెళ్ళగిలి బావి వైపు ఒరిగిపోయింది. అమ్మ నోట మాట లేదు. నాన్నగారు ఫజ్ర్ నమాజు చేసుకుని అంటు కత్తి తీసుకుని బయటకు నడిచారు. పడిపోయిన చెట్టు దగ్గర కూర్చుని, ఇంకా పచ్చిగా ఉన్న పుల్లలను ఏరి ఏరి కోసి తడి గోనెలో చుట్టసాగారు. "ఆకు వాడకముందే కోయాలి, బేటా. రేపటికి పనికిరావు" అన్నారు. ఆ రోజే ఆ పుల్లలను టెంక మొక్కలకు కట్టారు. అతికినవి కొన్నే. వాటిలో ఒకదానిని పడిన తల్లి చెట్టు గుంట పక్కనే నాటారు.

ప్రళయం ముంచుకొస్తున్న వేళ మీలో ఎవరి చేతిలోనైనా మొక్క ఉంటే, నాటగలిగితే దానిని నాటివేయండన్న భావం గల హదీసు మనకు సుపరిచితం. కళాశాలలో దాని పరంపరను, పదాలను, వ్యాకరణాన్ని పాఠంగా విన్నాం. దాని తాత్పర్యం ఆ ఉదయం ఆ తోటలో కనిపించింది. ఫలం తినే ఆశతో నాటేవాడు తుఫాను రోజున నాటడు. ఆజ్ఞ పాలించేవాడే నాటుతాడు.

జుమా రోజున అప్పుడప్పుడు ఆయన మమ్మల్ని రాజమండ్రి తీసుకువెళ్ళేవారు. నగరంలో 1324 నాటి శాసనం గల పురాతన మసీదు ఉంది. అక్కడ నమాజు ముగిసిన తర్వాత ఒకసారి ఆయన గుమ్మం రాయిని చేత్తో తడిమి, "దీన్ని మోసిన కూలీ పేరు ఎవరికి తెలుసు? అతని ఖాతా మాత్రం ఇంకా మూసివేయలేదు" అన్నారు. మరణించిన తర్వాత కూడా మనిషికి అందుతూ ఉండే మూడు విషయాలలో సదఖయె జారియా ఒకటి. ఆయన మనసు ఎప్పుడూ దాని చుట్టూనే తిరిగేది.

చదువు ముగించి వచ్చిన మమ్మల్ని ఆయన ఒక సాయంత్రం సూరా అల్ ఖలమ్‌లోని తోటవారి వృత్తాంతం వివరించమన్నారు. తోట యజమానులు తెల్లవారుతూనే పండ్లు కోసుకుంటామని ప్రమాణం చేశారు. అల్లాహ్ తలిస్తే అన్న మాట అనలేదు. ఆ రోజు పేదవాడెవ్వడూ తోటలోకి రాకూడదని గుసగుసలాడుకుంటూ బయలుదేరారు. వెళ్ళి చూసేసరికి రాత్రికి రాత్రే తోట నాశనమైపోయింది. దారి తప్పి వచ్చామేమోనని మొదట అనుకున్నారు. తర్వాత తమ దౌర్జన్యాన్ని తెలుసుకుని పశ్చాత్తాపపడ్డారు. నాన్నగారు అంతా విని, "మరి వాళ్ళ తండ్రి?" అని అడిగారు. ఆ తండ్రి ప్రస్తావన మూలంలో లేదని, ఇబ్నె కసీర్ వంటి వ్యాఖ్యాతలు మాత్రం చెప్పారని వివరించాం. ఆ తండ్రి పుణ్యాత్ముడు. తోటకు కావలసింది తోటకు పెట్టి, ఏడాది గ్రాసం ఇంటికి ఉంచుకుని, మిగిలింది దానం చేసేవాడు. ఆయన పోయాక కొడుకులు తండ్రిని తెలివితక్కువవాడిగా భావించి పేదల వాటాను ఆపివేయాలనుకున్నారు. నాన్నగారు చాలాసేపు మౌనంగా ఉండి, "తోట పెంచడం తేలిక, కొడుకుల్ని పెంచడం కష్టం" అన్నారు.

అమ్మ ముందుగా వెళ్ళిపోయింది. 2013లో నాన్నగారు కూడా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆయన వదిలివెళ్ళినవి ఒక అంటు కత్తి, ఒక నోటు పుస్తకం, మూడు కుంచాల తోట. నోటు పుస్తకంలో మొక్కల లెక్కల మధ్య, ఇద్దరు సాక్షుల సంతకాలతో వసీయత్ ఉంది. దారి పక్క జామ వరుస, బావి కలిసి ఉన్న ఐదు సెంట్లు వక్ఫ్. మిగిలినది షరీఅత్ ప్రకారం పిల్లలకు. సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన ఆస్తిలో అధిక భాగం దానం చేయదలచినప్పుడు ప్రవక్త (స) మూడవ వంతు వరకే అనుమతించి, అది కూడా ఎక్కువేనని చెప్పారు. ఐదు సెంట్లు ముప్పైలో ఆరవ వంతు. చదువు లేని మా నాన్నగారు హద్దు తెలిసి రాశారు.

మేము ఇద్దరు అన్నదమ్ములం, ఒక ఆపా. ఆపాది పశ్చిమ గోదావరిలో అత్తవారిల్లు. కుమారునికి ఇద్దరు కుమార్తెల వాటాతో సమానమన్న సూరా అన్ నిసా ఆదేశం ప్రకారం మిగిలిన ఇరవై ఐదు సెంట్లను ఐదు భాగాలు చేయాలి. మాకు పది, తమ్మునికి పది, ఆపాకు ఐదు. కాగితం మీద లెక్క ఇంత సులభం. కాని అప్పటికే హైవే దగ్గరి నేలలకు రెక్కలు వచ్చాయి. బ్రోకర్లు గుమ్మం తొక్కసాగారు. ముక్కలు చేయకుండా అమ్మితే మంచి ధర వస్తుందన్నారు. బంధువులలో పెద్దలు ఆపాతో, "ఆడపిల్లకు పెళ్ళిలో పెట్టిందే వాటా. సంతకం పెట్టి ఇచ్చేయి, పుట్టింటి రాకపోకలు నిలుస్తాయి" అన్నారు. ఆపా కలం కూడా తీసింది. ఆమె కళ్ళలో ఉన్నది ఇష్టం కాదు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందేమోనన్న భయం.

ఈ భయం మా ఆపా ఒక్కతెది కాదు. మన ఇళ్ళలో ఎందరో ఆడపడుచులు ఈ భయంతోనే సంతకాలు పెడుతున్నారు. నమాజు వేళ తప్పని కుటుంబాలలో కూడా అల్లాహ్ స్వయంగా నిర్ణయించిన వాటా ఆచారం పేరుతో ఎగిరిపోతోంది. కట్నం పేరిట, కానుకల పేరిట ఇచ్చింది వారసత్వం కాదు. హక్కు చేతికి రాకముందే వదులుకోమనడం అడగడం కాదు, లాక్కోవడం. మేమూ తమ్ముడూ ఒకే మాట మీద నిలిచాం. ముందు హద్దురాళ్ళు పాతి, ఐదు సెంట్లు ఆపా పేరున రాయించి, కాగితం ఆమె చేతికి ఇచ్చాం. ఆ తర్వాత అమ్ముకున్నా, ఉంచుకున్నా, దానం చేసినా ఆమె ఇష్టం. ఆపా మల్లె పందిరి, గోరింట ఉన్న వైపు కోరుకుంది. నేటికీ ఆమె పిల్లలు సెలవులకు వస్తే, "మా అమ్మ తోట" అంటారు. ఆ మాట వినడానికి ఐదు సెంట్లు ఎక్కువ ధరేమీ కాదు.

అంతా సుఖాంతమే అని చెబితే అది నిజం కాదు. కొన్నేళ్ళకు తమ్మునికి కష్టకాలం వచ్చింది. వైద్యానికి అప్పులయ్యాయి. తన పది సెంట్లు అమ్మక తప్పలేదు. షరీఅత్ చెప్పే హఖ్ఖె షుఫ్అ ప్రకారం ముందుగా మాకే కబురు పెట్టాడు. మదర్సా బోధకుని జీతంతో ఆ ధర అందుకోవడం మా వల్ల కాలేదు. తుఫాను తర్వాత నాన్నగారు తిరిగి కట్టిన ఇమాంపసందు ఆ పది సెంట్లలోనే ఉంది. తన హక్కును తాను వినియోగించుకున్న తమ్ముణ్ణి తప్పుపట్టడానికి మాకు హక్కు లేదు. నేల చేతులు మారడానికి ముందు కొనుగోలుదారుని గడువు అడిగాం. ఆయన దయతో ఒప్పుకున్నారు. తమ్ముడే స్వయంగా నాన్నగారి కత్తి పట్టుకుని ఆ చెట్టు పుల్లలు కోశాడు. మేము టేపు చుట్టాం. పదిహేను కడితే తొమ్మిది అతికాయి. చెట్టు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో ఒక భవనం నిలిచింది. ఆ చెట్టు రక్తం మాత్రం వక్ఫ్ నేలలో రెండు చోట్ల, ఆపా వాటాలో ఒకచోట, బంధువుల పెరళ్ళలో కొన్నిచోట్ల పచ్చగా ప్రవహిస్తోంది.

హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్‌లో తనకు లభించిన శ్రేష్ఠమైన నేల గురించి సలహా అడిగినప్పుడు, మూలాన్ని నిలిపి ఫలాన్ని పంచమని ప్రవక్త (స) సూచించారు. ఆ నేల అమ్మడానికి గాని, కానుకగా ఇవ్వడానికి గాని, వారసులు పంచుకోవడానికి గాని వీలు లేకుండా పేదలకు, బంధువులకు, బాటసారులకు, అతిథులకు అంకితమైంది. మా ఐదు సెంట్ల నేల చిన్నది. నియమం అదే. జామ వరుసకు తడిక లేదు. బడి నుంచి వచ్చే పిల్లలు, ఏ మతం వారైనా, చేయి చాచి కోసుకుంటారు. బావి గట్టు మీద మదర్సా పిల్లలు కరివేపాకు, నిమ్మ, మునగ, బొప్పాయి నారు పెంచుతారు. గ్రామంలో నికాహ్ జరిగితే కొత్త దంపతులకు, అఖీఖా జరిగితే బిడ్డ పేరున ఒక మొక్క అక్కడి నుంచి వెళుతుంది. ఆదివారాలు మేము పిల్లలకు అంటు కట్టడం నేర్పుతాం. "ఉస్తాద్, అతుకుతుందా?" అని అడుగుతారు. మా నాన్నగారు చెప్పిన జవాబే చెబుతాం.

పాఠక సోదర సోదరీమణులారా! కడియం వైపు ప్రయాణిస్తే పూల అందం చూసి ఆగిపోకండి. ఒక పండ్ల మొక్క కొనండి. ఇంటికి వెళ్ళి నాటండి. నాటేటప్పుడే దాని ఫలంలో ఇంటివారిది ఎంత, ఇతరులది ఎంత అని సంకల్పించండి. కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే వసీయత్ రాసి సాక్షుల చేత సంతకాలు చేయించండి. ఆడబిడ్డ వాటాను ఆమె అడగకముందే ఆమె చేతికి అందించండి.

అల్లాహ్ మన తల్లిదండ్రుల శ్రమను స్వీకరించుగాక. వారు నాటినవాటి నీడను వారి సమాధుల వరకు చేర్చుగాక. వారి తోటలకు తగిన సంతానంగా మనల్ని నిలుపుగాక. ఆమీన్.